జేజి పింఛను, నాయన రైతు డబ్బు, అమ్మ నోటు పుస్తకం: ఖాతాలో పడే సొమ్ముతో మన ఇళ్లల్లో ఏం మారింది?

నార్పల కుర్రోడు

దసరా సెలవులకు బెంగళూరు నుంచి ఊరికొచ్చాను. మాది అనంతపురం జిల్లా నార్పల మండలం. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పనిని మొదలుపెట్టిన బండ్లపల్లి మా మండలంలోదే. కరువు, కూలి, ప్రభుత్వ సొమ్ము అనే మాటలు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూ పెరిగాను.

మొన్న రాత్రి అన్నం తినేటప్పుడు మా చిన్నాయన గట్టిగా మాట్లాడాడు. "ఊరికే దుడ్లు పంచి జనాన్ని సోమరిపోతులను చేస్తున్నారు, ఇంక సేద్యం ఎవరు చేస్తారు" అని. నాయన ఏమీ అనలేదు. అమ్మ లోపలికి పోయి ట్రంకు పెట్టెలోంచి ఒక పాత నోటు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "చదివి మీ చిన్నాయనకు చెప్పు" అంది.

అమ్మ చదివింది అయిదో తరగతి. 2019 నుంచి ఇంటికి వచ్చిన ప్రభుత్వ సొమ్మంతా అందులో రాసుకుంది. ఏ తేదీ, ఎవరి ఖాతా, ఎంత, దేనికి పోయింది. ఇన్నేళ్లుగా రాస్తున్నట్టు నాకే తెలియదు.

మాకు మూడెకరాల మెట్ట ఉంది. వాన పడితేనే శనక్కాయ, లేకపోతే లేదు. 2021 మే నెల పేజీలో ఇలా ఉంది: "రైతు భరోసా 5,500. ఢిల్లీ దుడ్లు 2,000. విత్తనకాయలకు 5,000. అంగడి బాకీ 2,500. మిగిలిన వడ్డీ 900." రైతు భరోసా రాష్ట్రం ఇచ్చింది, ఢిల్లీ దుడ్లు అంటే కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్. ఆ 900 ఏమిటని అడిగాను. అంతకుముందు ఏటా విత్తనానికి మండీ ఆయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 5,000 తెచ్చేవాళ్లట. పంట వచ్చేదాకా ఆరు నెలలకు వడ్డీ 900. పైగా కాయలు ఆయనకే, ఆయన చెప్పిన ధరకే అమ్మాలి. ఆ ఏడు అప్పు తేలేదు కాబట్టి 900 మిగిలినట్టు రాసుకుంది. కాయలు కూడా వేరే చోట అమ్మారు.

ఇంకో పేజీ 2025 ఆగస్టు 2. అన్నదాత సుఖీభవ 5,000, ఢిల్లీవి 2,000. పక్కన "విత్తనం అప్పు తెచ్చి వేసినాము. ఇవి ఆ అప్పుకు కట్టినాము" అని ఉంది. రెండూ కలిపి సంవత్సరానికి చూస్తే అప్పటి 13,500 కన్నా ఇప్పటి 20,000 ఎక్కువే. కానీ మా నేలల్లో విత్తడం జూన్, జులైలో. మేలో వచ్చిన సొమ్ము విత్తనం అయింది, ఆగస్టులో వచ్చిన సొమ్ము అప్పు తీర్చింది. ఇది ఏ పార్టీనీ మెచ్చుకోవడానికో తిట్టడానికో చెప్పడం లేదు. పుస్తకంలో ఉన్నదే రాశాను.

మీ ఇళ్లల్లో ఎట్లా ఉంది? నిజంగా జరిగింది చెప్పండి. చిన్నాయనకు చదివి వినిపిస్తాను.

ప్రొద్దుటూరు పెద్దాయన

నాయనా, మీ అమ్మ పుస్తకం గురించి చదివి సంతోషమైంది. కానీ మీ చిన్నాయన చెప్పిందాంట్లో కూడా న్యాయం ఉంది. నాకు పన్నెండెకరాలు. పసుపు, ఉల్లి వేస్తాను. పసుపు తవ్వే రోజుల్లో మనుషులు దొరకడం లేదు. పదిహేనేళ్ల కిందట ఉగాదికి ముందే అడ్వాన్సు ఇచ్చిపెడితే ఆ ఇంటి వాళ్లు ఏడాదంతా మా చేన్లకే వచ్చేవాళ్లు. ఇప్పుడు అడ్వాన్సు ఇస్తామన్నా వద్దంటున్నారు. కూలి రేటు పెంచినా తొమ్మిదింటికి వచ్చి రెండింటికి పోతారు. నెలనెలా పింఛను, ఏడాదికి ఇన్ని పథకాలు వస్తుంటే ఎండలో ఎవరు వంగుతారు? నా మాట కఠినంగా ఉంటే మన్నించండి. పసుపు భూమిలోనే ఉండిపోతే ఆ బాధ మాకే తెలుస్తుంది.

కోసిగి టీచర్

పెద్దాయన గారూ, నమస్కారం. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మా పిల్లల సంగతి చెబుతాను.

ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలు పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు, పల్నాడు వైపు పోతాయి. ట్రాక్టర్లలో, లారీల్లో వంట గిన్నెలు, కోళ్లు, పిల్లలతో సహా. ఉగాది దగ్గర పడితే తిరిగొస్తారు. నేను చేరిన కొత్తలో జనవరి వచ్చిందంటే తరగతిలో సగం బెంచీలు ఖాళీ.

2020 జనవరిలో అమ్మ ఒడి మొదలైంది. ఎంతమంది పిల్లలున్నా ఒక్క తల్లికి 15,000. హాజరు 75 శాతం ఉండాలన్నారు. దాంతో కొందరు పెద్దపిల్లను మాన్పించి, హాజరు పోకుండా ఒక్క పిల్లవాడిని మాత్రం బడిలో ఉంచారు. నా తరగతిలోనే ముగ్గురు ఆడపిల్లలు పత్తి విత్తన చేలల్లో పూలకు పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి పోయారు. తమ్ముళ్లు బడిలో ఉన్నారు. తల్లులను తప్పు పట్టలేకపోయాను. ఒక్కరికే ఇస్తామంటే ఒక్కరినే పంపారు.

2025 జూన్‌లో తల్లికి వందనం కింద బడికి పోయే పిల్లలందరికీ వేశారు. బడి నిర్వహణకు 2,000 పోను బిడ్డకు 13,000 చొప్పున తల్లి ఖాతాలో పడింది. నలుగురు పిల్లలు బడిలో ఉన్న ఒకామె 52,000 చూసుకుని బడికి వచ్చి నా ముందర ఏడ్చింది. మాన్పించిన పెద్దపిల్లను తిరిగి చేర్చుకోమని అడగడానికి వచ్చింది. ఆ పిల్లకు ఆ సొమ్ము రాలేదు, అయినా చేర్చింది. చేతిలో డబ్బు ఉన్నప్పుడు తల్లి ఎట్లా ఆలోచిస్తుందో ఆ రోజు నా కళ్లతో చూశాను.

అయితే సుగ్గి ఆగిందా అంటే ఆగలేదు. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లు మూడు నెలలు మిరప కోస్తే అరవై, డెబ్బై వేలు తెచ్చుకుంటామని చెబుతారు. మా వైపు నేలకు నీళ్లు లేవు. వేదవతి ఎత్తిపోతలు, గుండ్రేవుల అనే నీటి ప్రాజెక్టుల పేర్లు వింటూనే ఉన్నాం. పథకం సొమ్ము ఆ మూడు నెలల కూలికి సరిపోదు. మారింది ఒక్కటే, పిల్లలను జేజి దగ్గర వదిలి పోతున్నారు. ముందు జేజి దగ్గర వదిలితే జేజి ఏం పెడుతుంది? ఇప్పుడు జేజికి నెలకు 4,000 వస్తుంది.

మైదుకూరు అక్క

టీచరమ్మ చెప్పిన జేజి మాట మా ఇంట్లోనూ నిజం. మా అత్తకు మొదట 200 వచ్చేది. అది 1,000 అయింది, 2,000 అయింది, 3,000 అయింది, ఇప్పుడు 4,000. నాలుగు వేలు అయిన నెల, 2024 జులై 1న, మూడు నెలల బకాయి కలిపి 7,000 చేతికిచ్చారు. ఆ నోట్లు చీర కొంగులో కట్టుకుని రెండు రోజులు విప్పలేదు.

ముందు మా అత్త కంటి చుక్కల మందు అయిపోయిందని చెప్పడానికి వారం ఆలోచించేది, కొడుకు విసుక్కుంటాడని. ఇప్పుడు ఒకటో తారీఖు సాయంత్రం మనవడిని వెంటబెట్టుకుని తానే మందుల అంగడికి పోతుంది. నెల మధ్యలో నాకే అయిదు వందలు సర్దుతుంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె మాటకు విలువ వచ్చింది. అంగడాయన కూడా "ఒకటో తారీఖు ఇస్తుందిలే" అని ఆమె పేరున సరుకు ఇస్తాడు. వడ్డీ లేదు, తాకట్టు లేదు.

ఇక తాగుడు గురించి. ఎవరూ అడగకముందే నేనే చెబుతాను. మా ఆయన తాగుతాడు. రైతు డబ్బు ఆయన ఖాతాలో పడిన ఏడు అందులో కొంత అటే పోయింది. ఆడవాళ్లకిచ్చిన చేయూత పథకం సొమ్ము 18,750 మా ఆడబిడ్డ ఖాతాలో పడిన ఏడు ఆమె రెండు మేకలు కొంది. ఇప్పుడు పదకొండు ఉన్నాయి. ఒకే ఇంటి మనుషులం. ఎవరి పేరున పడుతుందో చూడండి, మిగతాది అదే తెలుస్తుంది.

గుంతకల్లు మిత్ర

నేను బ్యాంకు మిత్రగా పనిచేస్తున్నాను, వేలిముద్ర మిషన్‌తో ఊళ్లో డబ్బు ఇచ్చేవాణ్ణి. సొమ్ము పడింది అని టీవీలో చెప్పిన రోజు నా గది ముందర క్యూ ఉంటుంది. అందులో పది మందిలో ఒకరిద్దరు "పడలేదు" అని వెనక్కి పోతారు. చాలాసార్లు పడే ఉంటుంది, కానీ వేరే ఖాతాలో. ఇది అందరూ తెలుసుకోవాలి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఆధార్ నంబరు మీద వచ్చే సొమ్ము మీరు చెప్పిన ఖాతాకు రాదు. ఆధార్‌ను చివరిసారి ఏ బ్యాంకుకు జోడించారో అక్కడికి పోతుంది. ఎప్పుడో గ్యాస్ కోసమో, పొదుపు సంఘం కోసమో కొత్త ఖాతా తెరిచి వేలిముద్ర వేసి ఉంటారు. పాత బ్యాంకు పాస్ పుస్తకం పట్టుకుని తిరుగుతుంటారు, డబ్బేమో కొత్త బ్యాంకులో ఉంటుంది. మై ఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది. ఫోన్‌కు వచ్చే ఓటీపీ కొడితే ఏ బ్యాంకో కనిపిస్తుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలు రెండు నిమిషాల్లో చూసిపెట్టవచ్చు.

రెండో సంగతి వేలిముద్రలు. బేల్దారి పని చేసేవాళ్లకు, శనక్కాయ ఒలిచే ఆడవాళ్లకు వేళ్లు అరిగిపోయి మిషన్ పట్టదు. మూడుసార్లు కాకపోతే వట్టి చేతులతో పంపకండి అని తోటి మిత్రలకు చెబుతుంటాను. కంటిపాపతో గుర్తించే మిషన్ ఉన్న చోటికి దారి చూపించాలి.

మూడోది చెప్పడానికి బాధగా ఉంది. ఖాతాలో పాత పంట అప్పు ఉంటే సొమ్ము పడీ పడగానే తీయనివ్వకుండా బ్యాంకు హోల్డ్ పెట్టిన సందర్భాలు చూశాను. ఒకామె ఫీజు కోసం వచ్చిన డబ్బు అట్లా ఆగిపోతే నెల రోజులు తిరిగింది. అప్పు లేని వేరే ఖాతా ఒకటి ఉంచుకుని ఆధార్‌ను దానికి జోడించుకోవడం మంచిది. హోల్డ్ పెట్టినా మేనేజరుకు కాగితం మీద అర్జీ రాసివ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటతో వదలకండి.

ఇంకొకటి. డబ్బు తీసినందుకు మీ దగ్గర ఎవరూ కమీషన్ తీసుకోకూడదు. మాకు బ్యాంకు ఇస్తుంది. రసీదు అడగండి.

నార్పల కుర్రోడు

మిత్ర అన్నా, మా పిన్నికి ఆగస్టు సొమ్ము రాలేదని రెండు నెలలుగా దిగులు పడుతోంది. పేరు జాబితాలో ఉంది, గ్రామ సచివాలయంలో "సక్సెస్" అని చూపిస్తున్నారు. రేపు మీరు చెప్పినట్టు చూస్తాను.

ఉరవకొండ గుత్త సేద్యం

నేను ఇన్నాళ్లూ చదవడమే, రాయడం ఇదే మొదలు. మాకు సొంత భూమి లేదు. ఎనిమిదెకరాల నల్లరేగడి గుత్తకు, అంటే కౌలుకు చేస్తున్నాను. పప్పుశనగ వేస్తాను. గుత్త ముందే కట్టాలి. విత్తనం నాది, మందులు నావి, ట్రాక్టరు బాడుగ నాది. భూమి ఆయన బెంగళూరులో ఉంటాడు. మంచి మనిషే, ఆయన మీద నాకు ఏ కోపం లేదు. కానీ రైతు సొమ్ము ఆయన ఖాతాలో పడుతుంది. పంట నష్టం వస్తే పరిహారం ఆయన పేరున వస్తుంది. బీమా ఆయన పేరున. అప్పు మాత్రం నా పేరున.

కౌలు కార్డుకు ఆయన సంతకం కావాలి. రెండేళ్లుగా అడుగుతున్నాను. సంతకం పెడితే రేపు భూమి మీద హక్కు అంటావేమో అని ఆయనకు భయం. సొమ్ముతో ఏం మారింది అని అడిగావు తమ్ముడూ. మా ఇంట్లో మా అమ్మ పింఛను, పిల్లల సొమ్ము తప్ప సేద్యానికి ఒక్క రూపాయి రాలేదు. దున్నేది నేను కదా.

కర్నూలు లైబ్రరీ

ఉరవకొండ అన్నా, ఆ భయం తీర్చడానికే 2019లో రాష్ట్రంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. కార్డు 11 నెలలకే. భూమి మీద యజమాని హక్కుకు దాంతో ఏ సంబంధమూ లేదు. పంట రుణానికి, బీమాకు, పరిహారానికి పనికొస్తుంది. ఆ ఫారం ఫొటో తీసి ఆయనకు పంపండి. మాటలతో చెబితే భయం పోదు, చదివితే కొంత పోతుంది.

ప్రొద్దుటూరు పెద్దాయన గారికి ఒక సంగతి. 2011, 2012లో మధ్యప్రదేశ్‌లో సేవా (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం, యూనిసెఫ్ సాయంతో ఎనిమిది ఊళ్లలో ఒక ప్రయోగం చేసింది. ఏ షరతూ లేకుండా పెద్దవాళ్లకు నెలకు 200, పిల్లలకు 100, ఏడాది తర్వాత 300, 150. ఎవరి వాటా వారికే, పిల్లలది తల్లి చేతికి. సొమ్ము రాని ఊళ్లతో పోల్చి చూశారు. తాగుడు పెరగలేదు. పిల్లల తిండి మెరుగుపడింది. పని కూడా తగ్గలేదు, కానీ పని మారింది. ఇతరుల చేన్లలో కూలికి పోయేవాళ్లు తమ సొంత భూమి చెక్కలో పని పెంచుకున్నారు, విత్తనాలు కొన్నారు, మేకలు కొన్నారు. తాగుడు విషయంలో 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు వేర్వేరు దేశాల నుంచి 19 అధ్యయనాలు తిరగేసి చూసినప్పుడు కూడా, నగదు సాయం వల్ల మద్యం, పొగాకు ఖర్చు పెరిగిందన్న ఆధారం దాదాపు ఎక్కడా కనిపించలేదు.

మీరు అడ్వాన్సు తీసుకోవడం లేదన్నారు. ఆ అడ్వాన్సు అప్పట్లో వాళ్లు ఎందుకు తీసుకునేవాళ్లో మీకే బాగా తెలుసు. పెళ్లికో, ఆస్పత్రికో. తీసుకున్నాక ఆ ఏడాదంతా కూలి మీరు చెప్పిందే. ఇప్పుడు ఆస్పత్రికి జేజి పింఛను, పొదుపు సంఘం అప్పు ఉన్నాయి. అందుకే రేటు మాట్లాడుకుని వస్తున్నారు. దాన్ని సోమరితనం అనడానికి నాకు మనసొప్పడం లేదు.

ప్రొద్దుటూరు పెద్దాయన

చదివాను. రాత్రంతా అదే ఆలోచన. అడ్వాన్సు మాట నిజమే. మా నాయన కాలంలో ఒక ఇల్లు మూడు తరాలు మా ఇంటికే పనిచేసింది, మొదట తీసుకున్నది ఒక పెళ్లి అప్పు. ఆ ఇంటి పిల్లవాడు ఇప్పుడు కడపలో ఎలక్ట్రీషియన్. దారిలో కనిపిస్తే పలకరిస్తాడు. అతను నా పసుపు తవ్వలేదని నేను బాధపడటం తప్పు.

కానీ ఒక్కటి ఒప్పుకోలేను. మన సీమకు ముందు నీళ్లు కావాలి. నీళ్లుంటే ఈ ఏడువేలు ఎనిమిదివేలు ఎవరూ అడగరు. హంద్రీ-నీవా కాలువ పక్క ఊళ్లలో చూడండి, రైతు డబ్బు పడిందా లేదా అని చూసుకునే తీరిక కూడా వాళ్లకు ఉండదు.

కోసిగి టీచర్

నీళ్ల మాట నూటికి నూరుపాళ్లు నిజం సార్. మా ఊళ్లకు నీళ్లొస్తే నా తరగతి జనవరిలో నిండుగా ఉంటుంది. కాలువ వచ్చేలోపు మాత్రం బిడ్డ మూడో తరగతి నుంచి పదో తరగతికి వచ్చేస్తుంది. ఆ ఏడేళ్లు ఎట్లా గడుస్తాయన్నదే నా బాధ.

మైదుకూరు అక్క

ఉపాధి పని కూలి కూడా సొమ్మే కదా, దాని గురించి ఎవరూ రాయలేదు. 2025లో రోజుకు 307 అని బోర్డు మీద ఉండేది. పని చేసిన పదిహేను రోజుల్లో కూలి వేయాలని చట్టం. ఆ ఎండాకాలం మేం చెరువు పని చేస్తే రెండు నెలలకు గానీ పడలేదు. ఆ రెండు నెలలు అంగడిలో బాకీ. పింఛను ఒకటో తారీఖు వస్తుందని తెలుసు కాబట్టి దాన్ని నమ్మి అప్పు ఇస్తారు. ఉపాధి కూలి ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి దాని మీద ఎవరూ ఇవ్వరు. పింఛను కన్నా ఎక్కువ సంపాదించినా నా చేతిలో ఉన్న సొమ్ముకు విలువ తక్కువ.

నార్పల కుర్రోడు

అక్కా, మీ ఈ మాట అమ్మకు చదివి వినిపించాను. పుస్తకం తిప్పి ఉపాధి కూలి పేజీలు చూపించింది. ఆ పేజీల్లో పని చేసిన తేదీ ఒకటి, దుడ్లు పడిన తేదీ ఒకటి, రెండూ రాసింది. మధ్యలో అంగడి బాకీ రాసింది. ఎందుకు రెండు తేదీలు అంటే, "ఎన్నాళ్లకు వస్తాయో చూసుకుంటే ఎంత బియ్యం అప్పు తేవచ్చో తెలుస్తుంది" అంది.

పిన్ని సంగతి. మిత్ర అన్నా, మీరు చెప్పినట్టే చూశాను. ఆరేళ్ల కిందట పొదుపు సంఘం వాళ్లు వేరే బ్యాంకులో తెరిపించిన ఖాతా కనిపించింది. పాస్ పుస్తకం ఎక్కడుందో కూడా ఆమెకు గుర్తులేదు. నిన్న బండి మీద తీసుకుపోయాను. ఆగస్టువి 7,000 అక్కడే ఉన్నాయి, అంతకు ముందువి రెండు విడతలు ఢిల్లీ సొమ్ము 4,000 కూడా ఉంది. పిన్ని బ్యాంకు మెట్ల మీద కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టింది. ఇంటికొచ్చేదారిలో చెల్లెలికి వేడి నీళ్ల ఫ్లాస్కు కొంది, హాస్టల్లో పనికొస్తుందని. మిగతాది చీటీ వాయిదాకు.

చిన్నాయనకు మొత్తం చదివి వినిపించాను. సోమరిపోతులు అన్న మాట మళ్లీ అనలేదు. "పెద్దాయన చెప్పినట్టు నీళ్లు రానీ" అన్నాడు. తర్వాత వాళ్లింటి ఆధార్ కార్డులన్నీ తెచ్చి నా ముందర పెట్టాడు, ఏ బ్యాంకో చూడమని.

గుంతకల్లు మిత్ర

చాలా సంతోషం తమ్ముడూ. పిన్నికి ఒక మాట చెప్పు, ఆ ఖాతాలోంచి ఏడాదికి రెండుసార్లన్నా తీయాలి, వేయాలి. చాలాకాలం వాడకపోతే ఖాతా ఆగిపోవచ్చు, తర్వాత విడత వెనక్కి పోవచ్చు.

ఉరవకొండ గుత్త సేద్యం

లైబ్రరీ అన్నా, ఫారం ఫొటో బెంగళూరుకు పంపాను. నిన్న ఆయనే ఫోన్ చేశాడు. 11 నెలలు అన్న లైను రెండుసార్లు చదివించుకున్నాడు. సంక్రాంతికి ఊరికొస్తాను, వీఆర్వో ముందర సంతకం పెడతాను అన్నాడు. ఈ నెలలో విత్తనం వేయాలి అయ్యా, కార్డు ఇప్పుడుంటే బ్యాంకుకు పోయేవాణ్ణి అన్నాను. ఇప్పుడు లీవు దొరకదన్నాడు. సంక్రాంతికి మా పప్పుశనగ కోతకు వస్తుంది. విత్తనానికి ఈరోజు పొద్దున్నే మండీకి పోయి వచ్చాను, నూటికి రెండు రూపాయలు.